ఐదు మిషన్ల షాఫ్ట్ లైన్‌కు సిమ్యులేషన్ అవసరమా, దండగా?

మడికొండ_ప్లానింగ్:
మాది మడికొండలో చిన్న యూనిట్. ట్రాక్టర్ గేర్‌బాక్సుల్లోకి వెళ్లే షాఫ్టులు చేస్తాం. రోజుకు 600 కావాలని కొత్త ఆర్డర్ మాట్లాడుతున్నారు, దానికి వేరే లైన్ పెట్టాలి. సీఎన్‌సీలో (కంప్యూటర్ నడిపే లేత్) ఒక వైపు టర్నింగ్ 80 సెకన్లు, రెండో వైపు 75, వీఎంసీలో (నిలువు మిల్లింగ్ మిషన్) కీవే అనే గాడి, రంధ్రాలు కలిపి 85, ఇండక్షన్ హార్డెనింగ్ (కాయిల్‌తో వేడిచేసి గట్టిపరచడం) 60, గ్రైండింగ్ 82. రెండు షిఫ్టుల్లో భోజనం, టీ పోను 15 గంటలు దొరుకుతాయి. అంటే షాఫ్టుకు 90 సెకన్లు. కాగితం మీద అన్నీ దాని లోపలే ఉన్నాయి. అయినా ఒక కన్సల్టెంట్ ముందు లైన్ మొత్తాన్ని కంప్యూటర్లో నడిపి చూడాలంటున్నాడు. మా సార్ మాత్రం ఆ డబ్బు ఇంకో వీఎంసీకి అడ్వాన్స్ ఇద్దామంటున్నారు. మీరేమంటారు?

ఆటోనగర్_ఓనర్:
మీ సార్ మాటే కరెక్ట్. ఏ మిషన్ ముందు మాల్ పేరుకుపోతే అదే ఇరుకు. లైన్ మధ్యలో అరగంట నిలబడితే కనబడుతుంది, దానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు? స్క్రీన్ మీద రంగు రంగుల బొమ్మలు చూపించి బిల్లు తీసుకుపోతారు. రేపు లైన్ ఆగితే ఫోన్ ఎత్తేవాడు ఉండడు.

ఎంటెక్_హన్మకొండ:
అన్నా, నిలబడి చూడటానికి ఆ లైన్ ఇంకా పెట్టనే లేదు కదా. అసలు గొడవ ఆ 90 సెకన్లలోనే ఉంది. మిషన్ ఎప్పుడూ ఆగదు అనుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. ప్రతి మిషన్ నూటికి 90 నిమిషాలు నడిచి 10 నిమిషాలు ఆగుతుందనుకోండి, చిన్న యూనిట్లకు అది మంచి రికార్డే. అప్పుడు వీఎంసీ నుంచి రోజుకు 572 దాటవు. అది కూడా మిషన్ల మధ్య కావలసినంత మాల్ నిల్వ ఉంటేనే. నిల్వ అసలే లేదనుకుంటే, ఒకటి ఆగితే ఐదూ ఆగుతాయి. 90 నిమిషాల నడకకు 50 నిమిషాల ఆగుడు, అంటే లైన్ నడిచేది 64 శాతమే. అప్పుడు 408 దగ్గర నిలబడతారు.

సెట్టర్_కాజీపేట:
తమ్ముడూ, ఇదంతా కాలిక్యులేటర్‌తోనే తేల్చేశావు. మరి సిమ్యులేషన్ దేనికి?

ఎంటెక్_హన్మకొండ:
408కీ 572కీ మధ్య ఎక్కడ ఆగుతారో చెప్పడానికి. వీఎంసీ ముందు రెండు ట్రేలు పెట్టాలా ఆరు పెట్టాలా, ఒకే ఆపరేటర్ రెండు సీఎన్‌సీలు చూస్తుంటే రెండూ ఒకేసారి ఖాళీ అయినప్పుడు ఎంత టైం పోతుంది, హార్డెనింగ్‌లో కాయిల్ మార్చేలోపు వెనక ఎంత పేరుకుంటుంది... ఇవి సూత్రాలకు లొంగవు. అందుకే ఆగుళ్లను, రిపేరు టైములను యాదృచ్ఛికంగా మారుస్తూ నెలల ఉత్పత్తిని నిమిషాల్లో నడిపి చూస్తారు.
ఇంకో మాట. రెండో వీఎంసీ కొన్నా ఇరుకు గ్రైండింగ్‌కు మారుతుంది. అక్కడ 82 సెకన్లు, 90 శాతం నడక, వచ్చేది 592. లక్షలు పోసి కూడా 600 అందవు.

సెట్టర్_కాజీపేట:
ఇది మాత్రం బాగా చెప్పావు. ఆ 82లో వీల్ డ్రెస్సింగ్ టైం, అంటే అరిగిన గ్రైండింగ్ రాయిని మళ్లీ పదునుపెట్టే టైం కలిపారా?

మడికొండ_ప్లానింగ్:
లేదన్నా. జాబ్ ఎక్కించి దించేది, గ్రైండింగ్ మాత్రమే.

సెట్టర్_కాజీపేట:
అయితే ఆ 592 కూడా రాదు. ముందు వీఎంసీలో ఒకేసారి రెండు షాఫ్టులు పట్టే ఫిక్స్చర్ (జాబ్‌ను బిగించే పట్టు) చేయించండి. టూల్ మార్పు, డోర్ తెరిచి మూయడం రెండు జాబులకు ఒక్కసారే పడుతుంది. కొత్త మిషన్ ఖర్చులో అదెంత? మోడల్ కట్టేవాడికి ఈ ఆలోచన రాదు, ఉన్న మిషన్‌ను ఉన్నట్టే బొమ్మ గీస్తాడు.

పుణె_రిటర్న్:
పెద్ద కంపెనీల సంగతి చూడండి. బీఎండబ్ల్యూ హంగరీలోని డెబ్రెట్సెన్ ప్లాంట్‌ను ముందు కంప్యూటర్లో నడిపించి, 2025లో నిజంగా మొదలుపెట్టింది. ప్రపంచం అటు పోతుంటే మనమింకా స్టాప్‌వాచ్ పట్టుకుంటే ఎలా?

ఆటోనగర్_ఓనర్:
మరి టెస్లా? మోడల్ 3 లైన్‌ను రోబోలతో నింపేసి, మితిమీరిన ఆటోమేషన్ పొరపాటేనని 2018లో మస్క్ తనే ఒప్పుకున్నాడు. వాళ్ల దగ్గర సాఫ్ట్‌వేర్లు లేకనా?

ఎంటెక్_హన్మకొండ:
రెండూ మన ఐదు మిషన్ల కొలతలు కావు. వదిలేద్దాం.

క్యూసీ_మేడం:
అందరూ 90 శాతం అంటున్నారు, ఆ అంకె ఎక్కడిది? మా బ్రేక్‌డౌన్ రిజిస్టర్ తెరిస్తే అన్నీ 15, 30, 45 నిమిషాలే. 7 నిమిషాల ఆగుడు ఒక్కటీ ఉండదు, ఎందుకంటే అంత చిన్నది ఎవరూ రాయరు. చక్‌లో చిప్స్ చుట్టుకుంటే తీసేసి మళ్లీ స్టార్ట్ కొడతారు, అంతే. సెట్టింగ్ అయ్యాక మొదటి పీస్ తనిఖీకి నా దగ్గరికి వస్తుంది. నేను వేరే లైన్‌లో ఉంటే అది టేబుల్ మీద పడి ఉంటుంది, మిషన్ ఖాళీగా నిలబడుతుంది. దాన్ని మెయింటెనెన్స్ వాళ్లు బ్రేక్‌డౌన్ అనరు, సెట్టర్ సెట్టింగ్ అనడు. ఏ కాలమ్‌లోనూ పడదు. ఈ రిజిస్టర్ మీద మోడల్ కడితే లైన్ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా నడుస్తుంది.

ఆటోనగర్_ఓనర్:
అదే నేననేది మేడం!

క్యూసీ_మేడం:
మీరనేది అది కాదు సార్. మీరు మోడల్ వద్దంటున్నారు, నేను రిజిస్టర్ సరిచేయమంటున్నాను. రెండో మిషన్ కొనాలన్న నిర్ణయం కూడా ఆ రిజిస్టర్ మీదే కదా నిలబడింది.

ఎంటెక్_హన్మకొండ:
మేడంతో ఏకీభవిస్తున్నా. డబ్బు సంగతికొస్తే జామ్‌సిమ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు సిమ్‌పై ఉంది. ఐదు మిషన్లకు అవి చాలు. సీమెన్స్ వాళ్ల 'ప్లాంట్ సిమ్యులేషన్' సాఫ్ట్‌వేర్‌కు విద్యార్థుల వెర్షన్ ఉంది కానీ దాన్ని ఆర్డర్ పనికి వాడకూడదు. మన వరంగల్ నిట్‌లో సీమెన్స్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది, అక్కడ మాట్లాడి చూడండి. ఇంతకన్నా పెద్ద లైన్ అయితే కన్సల్టెంట్‌కు డబ్బివ్వడంలో తప్పులేదు.

మడికొండ_ప్లానింగ్:
592 లెక్క సార్‌కు చూపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత వీఎంసీ అడ్వాన్స్ ఆపమన్నారు. కన్సల్టెంట్‌కు మాత్రం ఇంకా సరే అనలేదు. రేపటి నుంచి రిజిస్టర్‌లో 'మొదటి పీస్ కోసం ఆగింది' అని ఒక కాలమ్ పెడుతున్నాం, ఐదు నిమిషాల ఆగుడు కూడా రాయాలి. ఆపరేటర్లు గొణుగుతున్నారు, జీతంలో కోస్తారేమోనని భయం. డబుల్ ఫిక్స్చర్‌కు డ్రాయింగ్ గీయిస్తున్నాం. కస్టమర్‌కు ముందు 500 దగ్గర మొదలుపెడతామని చెప్పి చూస్తాం.

ఆటోనగర్_ఓనర్:
500 అంటే ఆర్డర్ పక్క యూనిట్‌కు పోతుంది, చూస్కో.

సెట్టర్_కాజీపేట:
600 అని ఒప్పుకుని 450 పంపినా పోతుంది అన్నా. ఫిక్స్చర్ డ్రాయింగ్ ఇక్కడ పెట్టు తమ్ముడూ, క్లాంపింగ్ ఎటువైపు ఇచ్చారో చూస్తాను.