‘సుడిగుండ ఉత్పాదకం’ కన్నా మంచి మాట ఉందా?

కాలువగట్టు, విజయవాడ: నీటిశుద్ధి కేంద్రం ఆపరేటర్ల కోసం తెలుగులో సూచనల పుస్తకం తయారవుతోంది. పటిక ద్రావణం నీళ్లలో బాగా కలవడానికి పైపు లోపల బిగించే రేకులకు (వోర్టెక్స్ జనరేటర్లకు) అందులో ‘సుడిగుండ ఉత్పాదకాలు’ అని రాశారు. మింగుడుపడటం లేదు. ఇంకేమైనా చెప్పండి.

పెరుగు ఆవడ: గుండం అంటే లోతు, మనిషిని కిందికి లాగేది. దాని ఇరుసు నిలువు. ప్రకాశం బ్యారేజీ స్తంభాల వెనక తిరిగేది అదే. గేటు కింద నురగ కక్కుతూ పొర్లే నీటి ఇరుసు ప్రవాహానికి అడ్డం. మన రేకు పుట్టించేది ఈ రెండూ కాదండీ. ఇరుసు ప్రవాహం వెంటే సాగుతుంది, నీరు ముందుకు పోతూనే మెలి తిరుగుతుంది, తాడుకు పురి ఎక్కినట్టు. గోడ పక్క నీరు మధ్యకీ, మధ్య నీరు గోడకీ చేరేది అందుకే. నా ఓటు ‘పురి’కి.

బ్రాడీపేట, గుంటూరు: పురి అంటే ముందు నెమలి గుర్తొస్తుంది. ‘ఆవర్తన జనకం’ అంటే?

పెరుగు ఆవడ: వద్దు. పేపర్లో ‘ఉపరితల ఆవర్తనం’ అంటే వానలు, బడిలో ‘ఆవర్తన పట్టిక’ అంటే మూలకాలు. ఆపరేటరు ఏమనుకోవాలి?

బ్రాడీపేట, గుంటూరు: పోనీ, ‘పైపు కవ్వం’?

కొత్తవంతెన: కవ్వం తాను తిరుగుతుంది. రేకు కదలదు, మోటారు లేదు, ఖర్చయ్యేదల్లా నీటి ఒత్తిడి. ఇది మాట పట్టింపు కాదు. కవ్వం అని చదివినవాడు రాత్రి పంపు తగ్గించినా కలుస్తూనే ఉంటుందనుకుంటాడు. ప్రవాహం మందగిస్తే సుడీ మందగిస్తుంది, పటిక చారలుగా పోతుంది. ‘సుడిరేకు’ అనండి చాలు. ఒక్కో రేకు రెండంచుల నుంచి ఎదురెదురుగా తిరిగే జంట సుళ్ళు వస్తాయి. తలలో రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళంటారు, ఇక్కడ మాత్రం పటికకూ నీటికీ ఒకటే పెళ్ళి.

కాలువగట్టు, విజయవాడ: సుడిరేకు ఖాయం. ‘రేకులు ముందుకు వాలి ఉండాలి’ అన్న వాక్యం సరేనా?

కొత్తవంతెన: ఎవరికి ముందు? నీళ్ళ మనుషులకు ‘ఎగువ’, ‘దిగువ’ ఉండగా ‘ముందు’ ఎందుకు? ఇలా రాయండి: “వరుసకు నాలుగు రేకులు. ప్రతి రేకూ దిగువకు వాలి, పైపు గోడతో సుమారు 25-30 డిగ్రీల కోణంలో ఉండాలి. పటిక గొట్టం మొదటి వరుసకు ఎగువన.” తిప్పి బిగిస్తే రేకు కొక్కెమై నాచునీ పీచునీ పట్టేస్తుంది, ఒత్తిడీ ఎక్కువ పోతుంది.

బ్రాడీపేట, గుంటూరు: గొట్టం దిగువన ఉంటే అంత నష్టమా? తర్వాతైనా కలుస్తుందిగా.

కొత్తవంతెన: పటిక నీటితో జరిపే చర్య దాదాపు సెకనులోనే అయిపోతుంది. తర్వాత ఎంత కలిపినా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడ్డది సర్దుకోదు. ‘ఎగువన’ అన్న మాటను ముద్దక్షరాల్లో వేయించండి, బొమ్మలో బాణం కూడా.