హాట్ రాడ్‌లో ఫ్యూయల్ ప్రెషర్ గేజ్: ఇంజన్ వేడెక్కితే ముల్లు పడిపోతోంది, డాష్‌లో ఇంకోటి పెట్టొచ్చా?

డల్లాస్_కూపే:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా వీకెండ్ వస్తే చాలు గ్యారేజీలో 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపేతోనే సరిపోతోంది నాకు, పాత కారుకి గట్టి ఇంజన్ ఎక్కించి హాట్ రాడ్ చేస్తున్నా. ఇంజన్ షెవీ (షెవర్లే) 350, పైన పెట్రోల్‌నీ గాలినీ కలిపే హోలీ కంపెనీ నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్, పెట్రోల్ వెనక ట్యాంకు దగ్గరున్న ఎలక్ట్రిక్ పంపు నుంచి, ప్రెషర్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీదుగా వస్తుంది. రెగ్యులేటర్‌కే 0-15 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) గ్లిజరిన్ గేజ్ బిగించా, అంటే ముల్లు వణక్కుండా లోపల గ్లిజరిన్ నింపినది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆరు చూపిస్తుంది, అరగంట తిరిగొచ్చి చూస్తే నాలుగు, ఒక్కోసారి ఇంకా తక్కువ, కానీ బండి మాత్రం ఎక్కడా తడబడట్లేదు. పంపు పోయిందంటారా? ఇంకోటి, నడుపుతున్నప్పుడు కూడా కనబడాలని డాష్‌లో మెకానికల్ గేజ్ పెట్టి రెగ్యులేటర్ నుంచి సన్న రాగి గొట్టం లాగుదామనుకుంటున్నా, ఓకేనా?

కార్బ్_మావయ్య:
బాబూ పంపు జోలికి ఇప్పుడే వెళ్లకు. గేజ్ లోపల వంపు తిరిగిన గొట్టం ఉంటుంది, దాంట్లోని ప్రెషర్‌కీ దాని చుట్టూ డబ్బాలో ఉన్న ప్రెషర్‌కీ తేడానే ముల్లు చూపించేది. నీది సీల్ చేసిన గ్లిజరిన్ డబ్బా, ఇంజన్ వేడికి లోపల గాలి ఉబ్బి ఆ గొట్టాన్ని బయట నుంచి నొక్కుతుంది, అందుకే తక్కువ చూపిస్తుంది. వంద పీఎస్ఐ గేజ్‌లో అయితే రెండు పాయింట్ల తేడా ఎవరికీ పట్టదు, ఆరు మీద రెండంటే మూడో వంతు కదా. డబ్బా పైన చిన్న రబ్బరు బిరడా ఉంటుంది చూడు, వేడి మీద ఉన్నప్పుడు దాని అంచు కాస్త లేపి వదిలెయ్, అదే బిరడా పక్కకి తిరిగి ఉంటే మాత్రం లేపకు, గ్లిజరిన్ కారిపోతుంది. ఇంజన్‌కి దూరంగా ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) బయటి వైపు చిన్న బ్రాకెట్ కొట్టి, పైన అల్లిక ఉన్న హోస్‌తో గేజ్‌ని అక్కడికి తెచ్చుకుంటే వేడీ తగ్గుతుంది, వైబ్రేషన్‌కి ముల్లు అరగడమూ తగ్గుతుంది.

ఫ్లాట్‌హెడ్_ఫ్యాన్:
అన్నా ఆ రాగి గొట్టం ఆలోచన దయచేసి మానెయ్. నా పాత రాడ్‌లో ముందు ఓనరు అలాగే లాగాడు, ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగితే ఘాటు వాసన, వంగి చూస్తే గేజ్ వెనక నట్టు దగ్గర గొట్టం వెంట్రుకంత పగిలి పెట్రోల్ చుక్క చుక్కగా కార్పెట్ మీద పడుతోంది, నా కుడి బూటు తడిసిపోయింది. ఇగ్నిషన్ ఆపి కిందకి దూకేశా. క్యాబిన్‌లోకి పెట్రోల్ రానే రాకూడదు. ఎలక్ట్రిక్ గేజ్ కొను, ప్రెషర్‌ని కొలిచే సెండర్ బయటే ఉంటుంది, లోపలికి వైరు మాత్రమే వస్తుంది. మెకానికలే కావాలంటే మధ్యలో ఐసోలేటర్ (పెట్రోల్‌ని బయటే ఆపి ప్రెషర్‌ని మాత్రమే లోపలికి పంపేది) పెట్టాల్సిందే. సెండర్ మర ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ (కొస సన్నబడే పైపు మర) ఉంటుంది, దానికి టెఫ్లాన్ టేప్ చుట్టకు, ఒక్క పోగు ఊడి కార్బురేటర్‌లోకి పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ బౌల్ నీడిల్‌లో ఇరుక్కుంటే కార్బురేటర్ పొంగిపోతుంది. పెట్రోల్‌కి తట్టుకునే లిక్విడ్ సీలెంట్ రాయి, లోహం మీద లోహం నొక్కుకుని సీల్ అయ్యే ఏఎన్ ఫిట్టింగులకి అదీ అక్కర్లేదు.

టెక్సాస్_తెలుగోడు:
పై ఇద్దరూ చెప్పింది కరెక్ట్. ఇంకొక్క మాట, ఐడిల్‌లో ఆరు ఉందని నమ్మేయకు, అప్పుడు ఇంజన్ తాగేది చాలా తక్కువ. డాష్‌లో గేజ్ పెట్టాక ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చినప్పుడు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి వాళ్లని చూడమను. అప్పుడు మూడు, రెండుకి జారిపోతే ఫిల్టరు మూసుకుపోయిందేమో, లైను సన్నదేమో చూడాలి, 5/16 అంగుళం ఉంటే 3/8 కి మార్చు.

డల్లాస్_కూపే:
థాంక్యూ మావయ్య గారూ! ఇవాళ తిరిగొచ్చి వేడి మీదే బిరడా లేపితే టుస్‌మని గాలి పోయింది, నా కళ్ల ముందే ముల్లు నాలుగు నుంచి దాదాపు ఆరుకి లేచింది. రాగి గొట్టం రిటర్న్ ఇచ్చేసి ఎలక్ట్రిక్ గేజ్ ఆర్డర్ పెట్టా. సెండర్‌ని రెగ్యులేటర్ తర్వాత, కార్బురేటర్ వైపే పెట్టాలి కదా?

కార్బ్_మావయ్య:
అవును, రెగ్యులేటర్ తర్వాతే. బిగించాక పంపు ఒక్కటే ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా ప్రతి జాయింటు కింద పొడి టిష్యూ పెట్టి చూడు.