పాత ల్యాప్‌టాప్ అమ్మేముందు రీసెట్ కొడితే చాలా? బెంగళూరులో అమ్మినవాళ్లు చెప్పండి

కదిరి_చందు
అన్నలూ, అక్కలూ, ఒక డౌటు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసినారు కదా, నా పాత ల్యాప్‌టాప్‌కి 11 ఎక్కదంట. కొత్తది కొనేసినా. పాతది ఓఎల్‌ఎక్స్‌లో పెడితే కేఆర్ పురం నుంచి ఒకాయన అడుగుతాండాడు. 1 టీబీ హార్డ్ డిస్క్, సీ, డీ అని రెండు డ్రైవులు. కాలేజీ రోజుల నుంచి ఉండేవన్నీ దాంట్లోనే ఉండాయి. సర్టిఫికెట్లు, ఆధార్, పే స్లిప్పులు, మా చెల్లెలి పెళ్లి ఫొటోలు. మా రూమ్మేట్ ఏమో "రీసెట్ కొట్టి ఇచ్చెయ్‌రా, ఎవడు చూస్తాడు" అంటాడు. నాకు మనసొప్పట్లేదు. ఏం చేయాల?

గుండుసూది
రీసెట్ మంచిదే, కానీ ఏ రీసెట్ అన్నది చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి "రిమూవ్ ఎవ్రీథింగ్" నొక్కాక చాలామంది నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తారు. అక్కడ చిన్న అక్షరాల్లో "ఛేంజ్ సెట్టింగ్స్" అని ఉంటుంది, దాన్ని తెరవండి. "క్లీన్ డేటా" అని ఒక మీట, ఒకటికి మించి డ్రైవులుంటే "అన్ని డ్రైవుల్లోనూ ఫైళ్లు తీసేయాలా" అని ఇంకో మీట కనబడతాయి. మనం ముట్టుకోకపోతే రెండూ ఆఫ్‌లోనే ఉంటాయి.

ఇప్పుడు ఆలోచించండి. మన ఇళ్లలో కంప్యూటర్ కొన్నరోజే షాపువాడు సీ, డీ అని రెండుగా విడగొట్టి ఇస్తాడు. విండోస్ సీలో ఉంటుంది, బతుకంతా డీలో ఉంటుంది. మామూలు రీసెట్ కొడితే సీ కొత్తగా మెరుస్తుంది, డీ తెరిస్తే చెల్లెలి పెళ్లి ఆల్బమ్ అలాగే ఉంటుంది. తవ్వి తీయడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, డబుల్ క్లిక్ చాలు.

క్లీన్ డేటా ఆన్ చేయకపోతే సీలోవి కూడా నిజంగా పోవు. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన చేను ఎక్కడికీ పోదు కదా, డిలీట్ అయినా క్విక్ ఫార్మాట్ అయినా అంతే. ఫోటోరెక్ అని ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. అది ఫైలు పేర్లు చూడదు, డిస్క్ మొత్తం చదువుకుంటూ పోయి జేపెగ్, పీడీఎఫ్ ఎక్కడ మొదలవుతాయో ఆ గుర్తుల్ని పట్టుకుంటుంది. ఇంట్లో ఏదైనా పాత పెన్‌డ్రైవ్‌కి క్విక్ ఫార్మాట్ కొట్టి దాంతో ఒకసారి నడిపి చూడండి, మీ రూమ్మేట్‌కీ చూపించండి.

ఎస్పీరోడ్_సీనన్న
ఎస్పీ రోడ్డులో పాత ల్యాప్‌టాప్‌ల పనే నాది, ఊరు మదనపల్లి దగ్గర. తెలీనోళ్లకి ఒక మాట చెప్తా. మీరు ల్యాప్‌టాప్‌ని తెచ్చి షాపులో అమ్మితే మీ హార్డ్ డిస్క్ దాంట్లోనే ఉండిపోతుందని అనుకోకండి. హార్డ్ డిస్క్‌తో ఇప్పుడు ఎవరూ కొనరు, స్లో అంటారు. మేము దాన్ని పీకి ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్) ఏసి అమ్ముతాం. పీకిన డిస్క్‌లు ఒక డబ్బాలో పడతాయి. బాగుండేటివి తీసి యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఎక్స్‌టర్నల్ డిస్క్ అని ఇచ్చేస్తారు. అంటే మీ ల్యాప్‌టాప్ ఒకరికి పోతుంది, మీ డిస్క్ ఎవరికి పోతుందో మాకే తెలీదు.

మా ఓనరు పద్ధతిగలాయన, ప్రతిదీ తుడిపించే పంపిస్తాడు. అందరూ అట్ల చేస్తారని నేను చెప్పలేను. డేటా తీసెయ్యమని షాపుకి వదిలిపెట్టకండి, ఇంట్లో తుడుచుకుని రాండి.

లెక్కల_పద్మ
చందూ, "ఎవడు చూస్తాడు" అన్నవాళ్లకి ఈ చిన్న లెక్క చెప్పు. నేను అకౌంట్స్‌లో ఉంటాను, రోజూ చూసేవే ఇవన్నీ.

ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని మనకి ధీమా. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, పక్కన పుట్టిన సంవత్సరం. అదే డిస్క్‌లో పాన్ కార్డు ఫొటో కూడా ఉంటుంది. దాని మీద పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబర్ అన్నీ అచ్చువేసే ఉంటాయి. ఒక్క ఫొటో దొరికితే ఆధార్ తెరుచుకుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లిచ్చే ఏఐఎస్ (ఏడాది ఆదాయ వివరాల పత్రం) పీడీఎఫ్ పాస్‌వర్డ్ పాన్ నంబర్ స్మాల్ లెటర్స్‌లో, వెంటనే పుట్టిన తేదీ. అదీ తెరుచుకుంది. ఏ బ్యాంకులో ఎంత వడ్డీ వచ్చింది, ఏ షేర్లు అమ్మారు, జీతం ఎంత, అన్నీ అందులోనే. ఒక కాగితం ఇంకో కాగితానికి తాళంచెవి. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద రహస్యం కాదు, కలిసి ఒకేచోట దొరికితేనే ముప్పు.

ఇంకోటి, వ్యాపారం చేసేవాళ్లు టాలీ ఉన్న సిస్టం అమ్మేముందు లైసెన్స్ సరెండర్ చేయాలి. లేకపోతే కొత్త సిస్టంలో యాక్టివేట్ చేసుకునేటప్పుడు తిప్పలు. బ్రౌజర్లో జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటుంది, క్లయింట్లవి కూడా. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పోర్టులో గుచ్చి మర్చిపోయేవాళ్లని కూడా చూశాను. మెమరీ కార్డు స్లాట్, డీవీడీ ట్రే ఉంటే అదీ తెరిచి చూడండి.

కదిరి_చందు
అమ్మో అక్కా, నా డెస్క్‌టాప్ మీదనే ఆ మూడూ పక్కపక్కన ఉండాయి. అయితే ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ డిలీట్ కొట్టి, తర్వాత రీసెట్ చేస్తే డబుల్ సేఫ్టీ కదా?

గుండుసూది
ఆగు ఆగు! వన్‌డ్రైవ్ (ఫైళ్లని ఇంటర్నెట్‌లో కూడా దాచే మైక్రోసాఫ్ట్ సర్వీస్) సింక్ ఆన్‌లో ఉందేమో ముందు చూసుకో. ఉంటే నువ్వు ఇక్కడ డెస్క్‌టాప్ ఫోల్డర్లో డిలీట్ కొట్టింది క్లౌడ్‌లో కూడా పోతుంది, కొత్త ల్యాప్‌టాప్‌లోంచి కూడా పోతుంది. పర్సనల్ అకౌంట్ అయితే వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి, ఆ లోపల చూసుకోకపోతే అంతే సంగతులు. గూగుల్ డ్రైవ్ సింక్‌తోనూ ఇదే తంటా. బ్యాకప్ తీసి, కొత్తదాంట్లో నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, పాతదాంట్లో వన్‌డ్రైవ్ అన్‌లింక్ చెయ్యి. ఆ తర్వాత చేత్తో ఒక్కొక్కటీ డిలీట్ చేయాల్సిన పనే లేదు, మొత్తం ఒకేసారి తుడిచెయ్యడమే.

కెర్నల్_కాకి
ఇక్కడ అందరూ హార్డ్ డిస్క్ గురించే మాట్లాడుతున్నారు. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లు ఇవే సలహాలు పాటిస్తే ఇబ్బంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

తిరిగే హార్డ్ డిస్క్ అయితే దాని మీద ఒకసారి సున్నాలు రాసేస్తే పని అయిపోయింది. విండోస్ విస్టా నుంచి, ఫార్మాట్ చేసేటప్పుడు "క్విక్" టిక్ తీసేస్తే అదే సున్నాలు రాస్తుంది. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో "క్లీన్ ఆల్" ఇచ్చినా అంతే. కానీ డిస్క్ నంబర్ సరిగ్గా ఎంచుకున్నారా అని ముందు చూసుకోండి, బ్యాకప్ డిస్క్ గుచ్చి ఉంటే పీకేయండి. విండోస్ ఉన్న డిస్క్‌నే తుడవాలంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. నేను ష్రెడ్‌ఓఎస్ వాడతాను, అది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, అందులో ఎన్‌వైప్ అని డిస్క్ తుడిచే ప్రోగ్రాం ఉంటుంది, తుడిచాక సరిచూసి కూడా చెప్తుంది. సెకనుకు 100 ఎంబీ వేగం ఉంటే 1 టీబీకి దాదాపు మూడు గంటలు. రాత్రి పెట్టి పడుకోండి, ఛార్జర్ మాత్రం తగిలించి ఉంచండి.

ఎస్ఎస్‌డీలో కథ వేరు. మనం "ఈ చోట రాయి" అంటే అది అక్కడే రాయదు. సెల్స్ సమంగా అరగాలని లోపల కంట్రోలర్ ఎప్పటికప్పుడు చోటు మారుస్తూ ఉంటుంది, పైగా మనకి కనబడని స్పేర్ సెల్స్ కొన్ని దగ్గర పెట్టుకుంటుంది. పైనుంచి ఎన్నిసార్లు సున్నాలు రాసినా ఆ మూలలకి చేరతాయన్న గ్యారంటీ లేదు, డ్రైవ్ ఆయుష్షు మాత్రం తగ్గుతుంది. అందుకే డ్రైవ్‌నే "నువ్వే తుడుచుకో" అని అడగాలి. పాత సాటా రకానికి సెక్యూర్ ఎరేజ్, కొత్త ఎన్‌వీఎంఈ రకానికి ఫార్మాట్ లేదా శానిటైజ్ కమాండ్. ఇవన్నీ టైప్ చేయడం ఎందుకనుకుంటే బయాస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెటప్ మెనూ) వెళ్లి చూడండి, డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్లలో చాలావాటికి డేటా వైప్ లేదా సెక్యూర్ ఎరేజ్ అని అక్కడే ఉంటుంది. నిమిషాల్లో అయిపోతుంది. లేదంటే డ్రైవ్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే టూల్.

డీబ్యాన్ అనే డిస్క్ తుడిచే ప్రోగ్రాం వాడమని ఎవరైనా చెప్తే ఎస్ఎస్‌డీకి వద్దు. అది హార్డ్ డిస్క్‌ల కాలంనాటిది.

పాతబస్తీ_పర్వేజ్
కాకన్నా, ఒకసారి రాస్తే చాలు అంటున్నరు. మేం చదువుకున్నప్పుడు మూడుసార్లు, 35సార్లు రాయాలె అని చెప్పిన్రు కదా?

కెర్నల్_కాకి
ఆ 35 పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపర్‌లోది. అప్పట్లో వాడకంలో ఉన్న రకరకాల డిస్క్ టెక్నాలజీలన్నిటికీ కలిపి ఇచ్చిన వరుస అది. ఏ ఒక్క డిస్క్‌కీ మొత్తం 35 అవసరం లేదని ఆయనే తర్వాత రాశాడు. మూడుసార్లన్నది అమెరికా రక్షణశాఖ పాత పద్ధతి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్లు 2014లో సవరించిన 800-88 మార్గదర్శకాల్లో మామూలు హార్డ్ డిస్క్‌కి ఒక్కసారి రాస్తే చాలన్నారు. మీకు తృప్తి కావాలంటే మూడుసార్లు చేసుకోండి పర్వేజ్ భాయ్, కరెంటు బిల్లు మీదే.

అసలు సమస్య ఎన్నిసార్లన్నది కాదు, ఒక్కసారి కూడా చేయకపోవడం. గార్ఫింకెల్, షెలాట్ అని ఎంఐటీ విద్యార్థులిద్దరు 158 పాత డిస్క్‌లు కొని చూసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. అందులో పనిచేసినవి 129, సరిగ్గా తుడిచినవి 12. పెద్ద కంపెనీలూ ఇందుకు మినహాయింపు కాదు. పాత సర్వర్లు, డిస్క్‌లు సరిగ్గా వదిలించుకోలేదని 2022 సెప్టెంబర్‌లో మోర్గాన్ స్టాన్లీ బ్యాంకు విభాగం మీద అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. వాళ్లు ఆ పని అప్పజెప్పింది డేటా తుడిచే అనుభవమే లేని ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీకి!

వైట్‌ఫీల్డ్_విజ్జి
దీనికంటే సుఖమైన దారి ఉంది. డిస్క్‌ని ముందు ఎన్‌క్రిప్ట్ చేసి (అంటే తాళంచెవి లేకుండా చదవడానికి రాకుండా మార్చి), ఆ తర్వాత రీసెట్ కొట్టండి. తాళంచెవి పోతుంది, మిగిలింది చదవడానికి రాని చెత్త. హార్డ్ డిస్క్‌కి పనికొస్తుంది, ఎస్ఎస్‌డీకి మాత్రం మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటేనే పూర్తి భరోసా. బిట్‌లాకర్ (విండోస్‌లో ఉండే ఎన్‌క్రిప్షన్) పెట్టేటప్పుడు "వాడిన భాగం మాత్రమే" అనేది కాకుండా "డ్రైవ్ మొత్తం" ఎంచుకోవాలి, లేకపోతే ఎప్పుడో డిలీట్ చేసినవి ఎన్‌క్రిప్ట్ అవ్వకుండా ఉండిపోతాయి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా ఎక్కించినవాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలావరకు ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, ఒకసారి చూసుకోండి.

మ్యాక్‌బుక్ వాళ్లకి ఇంత గోల లేదు. 2018 నుంచి వచ్చిన టీ2 చిప్ మోడళ్లు, ఎం1 తర్వాతివి అయితే, మ్యాక్ఓఎస్ మాంటెరీ వెర్షన్ లేదా ఆపైన ఉంటే "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" ఒక్కటే. అది ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ అడిగి ఫైండ్ మై (పోయిన మ్యాక్‌ని వెతికి లాక్ చేసేది) కూడా తీసేస్తుంది. అది తీయకుండా అమ్మారా, కొన్నవాళ్ల ఫోన్లు మొదలవుతాయి.

హోసూరు_బస్సు
కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. మా తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాడు. చూడ్డానికి తళతళా ఉంది. రీసెట్ చేసి వైఫై కలపగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ స్క్రీన్, ముందుకి కదలదు. ఆఫీసు నుంచి బయటికొచ్చిన సరుకు, కంపెనీ లిస్టులోంచి తీయలేదు. డిస్క్ మార్చినా అదే స్క్రీన్. కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌ని మీరే కొనుక్కుని అమ్ముతుంటే, ముందు ఐటీ వాళ్లతో రిజిస్ట్రేషన్ తీసేయించండి. కొనేవాళ్లు డబ్బులివ్వకముందే ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి సెటప్ మొత్తం నడిపి చూడండి.

కదిరి_చందు
ష్రెడ్‌ఓఎస్ పెట్టి రాత్రి వదిలేసినా, పొద్దునకి అయిపోయి ఉండె. విండోస్ మళ్లీ ఎక్కిస్తే కీ అడగలేదు, నెట్ కలపగానే యాక్టివేట్ అయింది.

సీనన్నా, మా మామయ్యది ఇంకోటి ఉంది, ఆన్ కూడా కాదు. దాన్నేం చేయాల?

ఎస్పీరోడ్_సీనన్న
లైసెన్స్ మదర్‌బోర్డుకి కట్టి ఉంటుంది లే, దానికి భయం లేదు.

ఆన్ కాని దాంట్లో డిస్క్ బాగానే ఉంటుంది, ఎక్కువ పోయేది బోర్డే. కింద మూత స్క్రూలు విప్పి డిస్క్ తీసేయండి. కేసింగ్‌లో పెట్టుకుని ఇంకో సిస్టంకి తగిలించి తుడవచ్చు, లేకపోతే మీరే బ్యాకప్‌కి వాడుకోండి. మిగతాది "వితౌట్ హార్డ్ డిస్క్" అని చెప్పి అమ్మండి, రేటులో పెద్ద తేడా రాదు. చవక మోడళ్లలో ఫైళ్లుండే మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, విడిగా రాదు. అట్లాంటివి ఆన్ కాకపోతే మాకు తేవద్దు, రిజిస్టర్ అయిన ఈ-వేస్ట్ వాళ్లకి ఇచ్చి ముక్కలు చేసినట్టు సర్టిఫికెట్ అడగండి.

పాతబస్తీ_పర్వేజ్
సుత్తితో నాలుగు దెబ్బలేస్తే అయిపోదా అన్నా?

ఎస్పీరోడ్_సీనన్న
ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లాలు చానా వాటికి గాజువే, దెబ్బకి పొడి అయితాయి. కళ్లద్దాలు పెట్టుకుని, గోనెసంచిలో చుట్టి కొట్టు. ఎస్ఎస్‌డీ అయితే పైన కేస్ పగిలినంత మాత్రాన కాదు, లోపలి నల్ల చిప్పులు ఒక్కోటీ పగలాల. అయస్కాంతం రుద్దితే ఏం కాదు, యూట్యూబ్ చూసి అడుగుతా ఉంటారు.

లెక్కల_పద్మ
చందూ, అమ్మాక కూడా కాస్త పని ఉంది. గూగుల్ అకౌంట్‌లో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైజ్‌ల లిస్టు తెరిచి పాతదాన్ని తీసెయ్. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ చూడు. ఎంఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకో, ఇది ల్యాప్‌టాప్ అమ్మకపోయినా పెట్టుకోవాల్సిందే.

కదిరి_చందు
సరే అక్కా. ఆ కేఆర్ పురం ఆయన ఒరిజినల్ బిల్లు కావాలంటాండాడు, ఇచ్చేదా?

గుండుసూది
దొంగసరుకు కాదని చూసుకోవడానికి అడుగుతారు, అందులో తప్పేం లేదు. జిరాక్స్ ఇవ్వు. సీరియల్ నంబర్, కొన్న తేదీ, నీ పేరు కనబడితే చాలు. అడ్రసు, ఫోన్ నంబర్, కార్డు చివరి అంకెలు మార్కర్‌తో కొట్టేసి, ఆ కొట్టేసినదాన్ని ఇంకోసారి జిరాక్స్ తీసి ఇవ్వు. మార్కర్ కింద అక్షరాలు వెలుతురుకి పట్టి చూస్తే కనబడతాయి.