వెన్నునీటిలో బ్యాండ్లు కనిపించాయన్నారు, కానీ రక్తం తీయలేదు: ఈ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (చెల్లెలి తరఫున అక్క)

అందరికీ నమస్కారం. నా చెల్లెలికి 29 ఏళ్లు. రెండు నెలల క్రితం కుడికన్ను కదిపినప్పుడల్లా నొప్పి వస్తోందని చెప్పింది. నాలుగైదు రోజుల్లో ఆ కంటికి చూపు మసకబారింది, ఎర్రటి వస్తువు ఆ కంటితో చూస్తే వెలిసిపోయినట్టు కనిపించేది. కంటి నరం వాచిందని తేల్చి మూడు రోజుల పాటు రక్తనాళంలోకి స్టెరాయిడ్ ఎక్కించారు, చూపు చాలావరకు తిరిగి వచ్చింది. ఎమ్మారైలో మెదడు గదులను ఆనుకుని రెండు మచ్చలు, వెన్నుపాములో ఒక మచ్చ ఉన్నాయి. కాంట్రాస్ట్ మందు ఇచ్చినా వాటిలో ఏదీ మెరవలేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ - శరీర రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే జబ్బు) అనే అనుమానం బలంగానే ఉందనీ, వెన్నునీరు పరీక్షిస్తే విషయం తేలుతుందనీ న్యూరాలజిస్టు చెప్పారు.

పన్నెండు రోజుల క్రితం వెన్నునీరు తీశారు. రిపోర్టులో కణాలు 7, ప్రొటీన్ 41, గ్లూకోజు మామూలుగా ఉన్నట్టు రాసి, చివర "ఆలిగోక్లోనల్ బ్యాండ్లు కనిపించాయి" అన్నారు. రిపోర్టు చూసిన డాక్టరు గారు, అదే రోజు తీసిన రక్తంతో పోల్చలేదు కాబట్టి ఈ ఒక్క వాక్యం మీద ఏ నిర్ణయానికీ రాలేననీ, అవసరమైతే మళ్లీ వెన్నునీరు తీయాల్సి రావచ్చనీ అన్నారు. ఆ రోజు రక్తం తీయాలని మాకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి తీసిన తర్వాత నాలుగు రోజులు నా చెల్లెలు లేచి కూర్చోలేకపోయింది, కూర్చుంటే తల పగిలిపోయేంత నొప్పి, పడుకుంటే తగ్గేది. మళ్లీ ఆ మాట ఎత్తితేనే భయపడుతోంది.

బ్యాండ్లు వెన్నునీటిలో ఉన్నప్పుడు రక్తం ఎందుకు కావాలి? రెండోసారి సూది తప్పదా? కప్పా అనే కొత్త పరీక్ష చేయిస్తే ఈ చిక్కు ఉండదని ఒకరు చెప్పారు, అది నిజమేనా? అన్నిటికన్నా ముఖ్యంగా, బ్యాండ్లు ఉంటే ఎంఎస్ ఉన్నట్టేనా?

సమాధానం 1 (బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఈ పరీక్ష చేసే వ్యక్తి)

అక్కా, ముందుగా మీరు చేయాల్సిన పని చెబుతాను. ఈ రోజే ఆ ల్యాబ్‌కు ఫోన్ చేసి, మిగిలిన వెన్నునీరు ఫ్రీజర్‌లో దాచారో లేదో కనుక్కోండి. ఈ పరీక్షకు చాలా కొద్ది ద్రవం చాలు, అందువల్ల చాలాచోట్ల కొంత మిగులుతుంది. ఐజీజీ (ఈ బ్యాండ్లను ఏర్పరచే యాంటీబాడీ రకం) గట్టి ప్రొటీన్, సరిగ్గా గడ్డకట్టించి ఉంచితే పన్నెండు రోజుల్లో పాడైపోదు. రక్తంలో ఐజీజీ సగానికి తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి, ఇప్పుడు తీసిన రక్తం కూడా ఆనాటి పరిస్థితిని చాలావరకు చూపిస్తుంది. రెండూ ఒకేసారి తీయాలన్నదే నియమం, ఆలస్యంగా వచ్చిన రక్తాన్ని అంగీకరించాలా వద్దా అన్నది ల్యాబ్ పెద్దలూ మీ డాక్టరూ కలిసి తేల్చుకోవాలి. అయినా రెండోసారి సూది గుచ్చే ముందు ఈ దారి అడిగి చూడటం మీ హక్కు. ఈ మధ్యలో ఆమెకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల యాంటీబాడీలతో చేసిన మందు) ఎక్కించి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి, అది రక్తంలోని వరుసను మార్చేస్తుంది. స్టెరాయిడ్ వల్ల బ్యాండ్లు సాధారణంగా మాయం కావు.

ఇక రక్తం ఎందుకు కావాలంటే, అసలు ఈ పరీక్ష ఒక పోలిక. జెల్ మీద విద్యుత్తు పంపినప్పుడు ప్రతి యాంటీబాడీ తన విద్యుదావేశం సున్నా అయ్యే చోటికి చేరి ఆగిపోతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో వేల రకాల యాంటీబాడీలు ఉంటాయి, అందుకే అవన్నీ కలిసి పలచని మరకలా పరుచుకుంటాయి. కొన్ని కణవంశాలు మాత్రమే విపరీతంగా యాంటీబాడీలు తయారు చేస్తున్నప్పుడు ఆ మరక మీద సన్నని గీతలు తేలతాయి. ఆ గీతలనే బ్యాండ్లంటాం. అయితే వెన్నునీటిలోని ఐజీజీలో ఎక్కువ భాగం మామూలుగా రక్తం నుంచి వడకట్టుకుని వచ్చినదే. శరీరంలో ఇంకెక్కడో జరుగుతున్న జబ్బు వల్ల రక్తంలో గీతలు ఏర్పడినా, అవే గీతలు వెన్నునీటిలోనూ కనిపిస్తాయి. ఆ గీతలు మెదడు గడప లోపల తయారయ్యాయో, బయటి నుంచి వచ్చాయో వెన్నునీటి పట్టీ ఒక్కదాన్నే చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

అందుకే రక్తాన్ని కొన్ని వందల రెట్లు పలచన చేసి, రెండింటిలో ఐజీజీ పరిమాణం సమానమయ్యాక, పక్కపక్క వరుసల్లో నడుపుతాం. ఫలితం అయిదు రకాలుగా వస్తుంది. ఎక్కడా గీతలు లేకపోతే ఒకటో రకం. వెన్నునీటిలో మాత్రమే ఉంటే రెండోది. రెండు చోట్లా కొన్ని ఉమ్మడి గీతలుండి, వెన్నునీటిలో అదనంగా మరికొన్ని ఉంటే మూడోది. రెండు వరుసలూ అద్దంలో బింబంలా ఒకేలా ఉంటే నాలుగోది. ఒకే ప్రొటీన్ ఎక్కువై మెట్లలా దగ్గరదగ్గరగా రెండు చోట్లా కనిపిస్తే అయిదోది. మెదడు లోపలి తయారీకి రెండు, మూడు రకాలే గుర్తు. మీ రిపోర్టులోని "కనిపించాయి" అన్న మాట రెండో రకమైనా కావచ్చు, నాలుగో రకమైనా కావచ్చు, ఈ రెంటికీ అర్థం పూర్తిగా వేరు.

నేను పట్టీ చదివేటప్పుడు కింద తెల్ల కాగితం పెట్టి, ముందు వెన్నునీటి వరుసలో గీతలు లెక్కపెట్టి, ప్రతి గీతకూ ఎదురుగా రక్తం వరుసలో జత ఉందో లేదో స్కేలు ఆనించి చూస్తాను. తర్వాత నా లెక్క తెలియని మరొకరు చదువుతారు. వెన్నునీటికి మాత్రమే పరిమితమైన గీతలు కనీసం రెండు ఉంటేనే పాజిటివ్ అని రాస్తాం. ఎంఎస్ రోగుల వెన్నునీటిలో గామా గ్లోబ్యులిన్ పెరిగి ఉందని కాబట్ బృందం విద్యుత్తు పద్ధతితోనే 1942లో చూపించింది. పనిముట్లు ఎంత మారినా ఈ పోలిక అవసరం మాత్రం తీరలేదు.

సమాధానం 2 (న్యూరాలజిస్టు)

పై సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ డాక్టరు ఆగిపోవడం సరైన పనే, ఆ ఒక్క వాక్యం ఆధారంగా ఏళ్ల తరబడి వాడాల్సిన మందు మొదలుపెట్టడం తప్పయ్యేది.

మీ చెల్లెలి విషయంలో వెన్నునీరు ఎందుకు అవసరమైందో చెబుతాను. ఎంఎస్ అని నిర్ధారించాలంటే వ్యాధి ఒకటికి మించిన చోట్ల ఉందనీ, ఒకటికి మించిన సమయాల్లో తలెత్తిందనీ చూపాలన్నది చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఆమెకు మొదటిది ఎమ్మారైలోనే ఉంది. మచ్చలు కొన్ని మెరిసి కొన్ని మెరవకపోతే కొత్తవీ పాతవీ కలిసి ఉన్నాయని అనేవాళ్లం, ఆమెకు ఏదీ మెరవలేదు. ఇలాంటి వారిలో బ్యాండ్లు పాజిటివ్ అయితే రెండో దాడి కోసం ఎదురుచూడకుండానే నిర్ధారణ చేయవచ్చని 2017 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు అనుమతించాయి. 2025లో వెలువడిన తాజా సవరణ, మచ్చల కోసం చూసే నాలుగు చోట్లకు తోడు కంటి నరాన్ని కూడా అయిదో చోటుగా లెక్కలోకి తీసుకుంది, కప్పా సూచికకు బ్యాండ్లతో సమాన హోదా ఇచ్చింది.

కప్పా గురించి విన్న మాట సగమే నిజం. యాంటీబాడీలు తయారు చేసే కణాలు అదనంగా విడిచిపెట్టే కప్పా తేలిక గొలుసులను (యాంటీబాడీల చిన్న భాగాలను) యంత్రం నేరుగా కొలుస్తుంది. జెల్ చదవడంలో ఉండే మనిషి మనిషికీ తేడా ఇందులో ఉండదు, ఫలితం త్వరగా వస్తుంది. కానీ ఆ సూచిక లెక్క కట్టాలంటే వెన్నునీటిలోనూ రక్తంలోనూ కప్పా ఎంతో, అల్బుమిన్ ఎంతో నాలుగూ కావాలి. అల్బుమిన్ కాలేయంలోనే తయారవుతుంది, మెదడులో తయారు కాదు. కాబట్టి వెన్నునీటిలో అది ఎంత ఉందో చూస్తే రక్తం నుంచి ఎంత కారిందో తెలుస్తుంది, ఆ కారుడును మినహాయించిన తర్వాతే లోపలి తయారీ తేలుతుంది. సూచిక 6.1 దాటితే పాజిటివ్‌గా చూస్తాం. అంటే ఈ పరీక్షకైనా రక్తం ఇవ్వక తప్పదు.

బ్యాండ్లు ఉంటే ఎంఎస్ ఉన్నట్టేనా అన్న ప్రశ్నకు, కాదు అనే చెప్పాలి. మెదడు, వెన్నుపాముల లోపల యాంటీబాడీలు తయారవుతున్నాయని మాత్రమే అవి చెబుతాయి. నాడీమండలానికి పాకిన సిఫిలిస్, లైమ్ జ్వరం, తట్టు వైరస్ వల్ల ఏళ్ల తర్వాత వచ్చే ఎస్‌ఎస్‌పీఈ అనే మెదడు జబ్బు, కొన్నిసార్లు లూపస్, సార్కాయిడ్ వంటి జబ్బుల్లోనూ అవి కనిపిస్తాయి. మీ రిపోర్టులో నాకు ధైర్యమిస్తున్న అంకె వేరే ఉంది, అది కణాల సంఖ్య. ఎంఎస్‌లో కణాలు 50 దాటడం అరుదు. దాటితే, ముఖ్యంగా వాటిలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) ఎక్కువుంటే, వేరే జబ్బు కోసం వెతుకుతాను. 7 కణాలు, 41 మిల్లీగ్రాముల ప్రొటీన్ ఎంఎస్‌కు బాగా సరిపోయే చిత్రమే.

ఒక మాట మాత్రం మీ డాక్టరును తప్పకుండా అడగండి: కంటి నరం వాపుతో వచ్చిన ఆమెకు ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీల పరీక్ష చేశారా? ఇవి ఎంఎస్‌ను పోలిన రెండు వేరే జబ్బులకు గుర్తు. ఆ రెండూ మొదట రక్తంలోనే చూడాలి, వెన్నునీటిలో కాదు. ఆ జబ్బుల్లో బ్యాండ్లు చాలామందికి ఉండవు. ఆక్వాపోరిన్ జబ్బును ఎంఎస్‌గా పొరబడితే, ఎంఎస్ మందుల్లో కొన్ని దాన్ని మరింత ముదరబెడతాయి.

సమాధానం 3 (ఎంఎస్‌తో పదకొండేళ్లుగా ఉన్న వ్యక్తి)

నాది మీ చెల్లెలికి ఎదురు కథ. నా వెన్నునీటిలో ఒక్క బ్యాండూ లేదు. నెగెటివ్ అనగానే మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను కూడా కాళ్ల తిమ్మిరిని పట్టించుకోవడం మానేశాను. రెండేళ్ల తర్వాత వెన్నుపాములో కొత్త మచ్చతో నడక తడబడినప్పుడు గానీ జబ్బు తేలలేదు. వేలమంది రోగుల ఫలితాలను కలిపి 2013లో ప్రచురించిన విశ్లేషణలో బ్యాండ్లు ఉన్నవారు సుమారు 88 శాతమని తర్వాత చదివాను. అంటే ఎంఎస్ ఉండి కూడా బ్యాండ్లు లేనివాళ్లం తక్కువేమీ కాదు. మీకు ఏ ఫలితం వచ్చినా కంటి డాక్టరు దగ్గరికీ, ఎమ్మారైకీ వెళ్లడం మాత్రం ఆపవద్దని బతిమాలుకుంటున్నాను.

తలనొప్పి గురించి కూడా చెబుతాను. ఒకవేళ మళ్లీ తీయాల్సి వస్తే, పెన్సిల్ మొనలా ఉండే సూదితో తీయమని ముందే అడగండి. అది పొరను కోయకుండా పోగులను పక్కకు జరుపుతుంది కాబట్టి ద్రవం కారడం తగ్గుతుంది. నాకు మొదటిసారి మామూలు సూదితో అయిదు రోజులు నొప్పి ఉంది, రెండోసారి ఈ సూదితో మర్నాడే పనికి వెళ్లాను. గంటల తరబడి కదలకుండా పడుకోబెట్టడం వల్ల ఆ నొప్పి రాకుండా ఆగదని నాకు డాక్టర్లే చెప్పారు. సూది దింపేది వెన్నుపాము ముగిసిన చోటికి ఇంకా కిందే కాబట్టి, వెన్నుపాముకు గుచ్చుకుంటుందేమో అన్న భయం అక్కర్లేదని కూడా ఆమెకు చెప్పండి. నాకు ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత వణికేవాణ్ణి కాదు.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ల్యాబ్‌లో వెన్నునీరు దాచి ఉంచారు. రక్తం ఇప్పుడు ఇస్తామంటే మొదట కుదరదన్నారు, డాక్టరు గారు స్వయంగా మాట్లాడిన తర్వాత ఒప్పుకుని, తేదీల తేడాను రిపోర్టులోనే రాశారు. మళ్లీ సూది వేయాల్సిన పని పడలేదు.

పట్టీ ఫొటో కూడా ఇచ్చారు. రక్తం వరుసలో బూడిద రంగు మరక తప్ప ఏమీ లేదు, పక్క వరుసలో తొమ్మిది గీతలున్నాయి. నా చెల్లెలు ఆ ఫొటోను చాలాసేపు చూసి, వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఆక్వాపోరిన్, మాగ్ రెండూ నెగెటివ్. ఎంఎస్ అని నిన్న నిర్ధారించారు. ఏడ్చింది, కానీ ఇక తెలియకుండా ఉండటం కంటే ఇదే నయమంది. తన తరఫున రెండు ప్రశ్నలు అడగమంది: ఆ గీతల్లోని యాంటీబాడీలు దేని మీద దాడి చేస్తున్నాయి? మందు వాడాక అవి పోతాయా?

సమాధానం 2 (న్యూరాలజిస్టు)

కబురు బాధాకరమే అయినా త్వరగా తేలడం ఆమెకు నిజంగా మేలు చేస్తుంది, మొదటి దాడి తర్వాతే మందు మొదలుపెట్టగలిగే వారిలో ఆమె ఉంది.

ఆమె మొదటి ప్రశ్న ఈ రంగంలో అందరినీ వేధిస్తున్నదే. అందరు రోగుల్లోనూ ఆ గీతలన్నీ గురిపెట్టే లక్ష్యం ఒకటంటూ దొరకలేదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తర్వాత ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరుగుతుందని కోటిమందికి పైగా సైనికుల రికార్డులతో చేసిన అధ్యయనం 2022లో చూపింది. అదే ఏడాది మరో బృందం, రోగుల వెన్నునీటి కణాల నుంచి వచ్చిన ఒక యాంటీబాడీ ఆ వైరస్ ప్రొటీన్‌నూ, మెదడులోని గ్లియల్‌క్యామ్ అనే ప్రొటీన్‌నూ రెండింటినీ పట్టుకుంటుందని తేల్చింది. ఇది కొందరు రోగులకు వర్తించే సంగతి. మిగిలిన గీతల్లో చాలావాటికి వ్యాధితో నేరుగా సంబంధం లేకపోవచ్చు కూడా. ఎంఎస్ రోగుల్లో తట్టు, రుబెల్లా, ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వైరస్‌ల మీది యాంటీబాడీలు సైతం, ఆ వైరస్‌లు లేకపోయినా, మెదడు లోపల తయారవుతూ ఉంటాయి.

రెండో ప్రశ్నకు జవాబు సులభం. చాలామందిలో ఆ గీతలు జీవితాంతం ఉంటాయి, మందు బాగా పనిచేస్తున్నా ఉంటాయి. అందుకని మందు ఫలితం చూడటానికి వెన్నునీరు మళ్లీ తీయనక్కర్లేదు, దానికి ఎమ్మారై ఉంది. నరాల పోగులు దెబ్బతిన్నప్పుడు విడుదలయ్యే న్యూరోఫిలమెంట్ అనే ప్రొటీన్‌ను ఇప్పుడు రక్తంలోనే కొలవగలుగుతున్నారు. అది వయసుతోనూ, ఇతర నాడీవ్యాధుల్లోనూ పెరుగుతుంది కాబట్టి ఎంఎస్ నిర్ధారణకు పనికిరాదు, ఒకే మనిషిలో కాలక్రమంలో వచ్చే మార్పును చూడటానికి పనికొస్తుంది. ఆ పట్టీ ఫొటోను, రిపోర్టును ఆమె ఫైలులో మొదటి పేజీగా పెట్టి ఉంచండి. ఎప్పుడు డాక్టరు మారినా ఎవరూ ఆమెను మళ్లీ సూదికి పడుకోబెట్టకుండా అదే ఆపుతుంది.