గెలిచాక ఎంపీలు కొన్న షేర్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలో 2012 నాటి స్టాక్ చట్టం ప్రకారం కాంగ్రెస్ సభ్యులు వెయ్యి డాలర్లు దాటిన ప్రతి షేరు లావాదేవీనీ 45 రోజుల్లోగా బయటపెట్టాలి. ఆలస్యమైతే మామూలుగా పడే జరిమానా 200 డాలర్లు. వాళ్లకు అదొక లెక్కా! అందుకే అసలు కొనుగోళ్లనే నిషేధించాలని అక్కడ పట్టుబడుతున్నారు.

మన దగ్గర నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో అభ్యర్థి, జీవిత భాగస్వామి పేర్ల మీదున్న షేర్లు కనిపిస్తాయి. మరి తర్వాతి ఐదేళ్ల మాటేమిటి? లోక్‌సభ సభ్యులు ప్రమాణం చేసిన 90 రోజుల్లో స్పీకర్‌కు ఆస్తుల వివరాలివ్వాలి కదా, వాటిని సమాచార హక్కు కింద ఎవరైనా సంపాదించారా? దరఖాస్తు ఎవరి పేర పెట్టాలి? ఏ సాకుతో తిప్పి పంపుతారు? ఒక పార్లమెంటరీ స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) సభ్యుల షేర్లను ఆ సంఘం పరిశీలించే రంగంతో పోల్చి చూద్దామని నా ఆలోచన. ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.