దీర్ఘకాలిక నడుం నొప్పికి మానసిక చికిత్స అవసరమా?

గాజువాక సభ్యుడు: మా అన్నయ్య ఓడరేవులో సరుకులు ఎత్తే పని చేస్తాడు. ఏడాదికి పైగా నడుం నొప్పితో బాధపడుతున్నాడు. ఎమ్మారైలో డిస్కు కొద్దిగా ఉబ్బిందని, ఆపరేషన్ అవసరం లేదని చెప్పిన వైద్యుడు ఇప్పుడు వ్యాయామంతో పాటు సైకాలజిస్టును కూడా కలవమని రాశారు. నొప్పి నడుములో ఉండగా మనసుకు చికిత్స ఎందుకని ఇంట్లో పెద్దలు అడుగుతున్నారు. వెళ్లడం సబబేనా?

మల్కాపురం సభ్యుడు: సబబు కాదండి. బరువులు మోసి నడుము దెబ్బతిన్న మనిషికి కావలసింది తేలిక పని. సైకాలజిస్టు దగ్గరికి పంపడమంటే నొప్పి నిజం కాదని చెప్పకనే చెప్పడం. ఆ చీటీ చూసిన మేస్త్రీ రేపు తేలిక పని ఇస్తాడా?

ఎంవీపీ కాలనీ ఫిజియోథెరపిస్టు: వైద్యుడి సూచన సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నొప్పి మూడు నెలలు దాటాక చాలామందిలో తొలి దెబ్బ ప్రభావం తగ్గి, నాడీవ్యవస్థ అతి సున్నితంగా మారడం, వంగితే ఏమవుతుందోనన్న భయం, నిద్రలేమి వంటివే నొప్పిని నిలబెడతాయి. ఆ భయంతో కదలడం మానేస్తే కండరాలు బలహీనపడి బాధ ఇంకా పెరుగుతుంది. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవారిలో కూడా సుమారు 60 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది కనుక, ఎమ్మారై ఒక్కదానితోనే కారణం తేలిపోదు. సైకాలజిస్టు మాటల ద్వారా చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స)లో జరిగేది ఆ భయాన్ని గుర్తించి, ఆపేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు ఇదీ ఉంది.

మల్కాపురం సభ్యుడు: ఫలితం ఎంతమందికి కనిపించింది? వారం వారం వెళ్తే రోజుకూలి పోతుంది కదండీ.

ఎంవీపీ కాలనీ ఫిజియోథెరపిస్టు: అమెరికాలో 342 మందిపై జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలో, ఆరు నెలలకు రోజువారీ పనుల్లో చెప్పుకోదగ్గ మెరుగు ఈ థెరపీ పొందినవారిలో సుమారు 58 శాతం మందికి, మామూలు వైద్యంతోనే ఉన్నవారిలో 44 శాతం మందికి కనిపించింది. తేడా గొప్పది కాదు, అయినా ఏడాదిగా బాధపడుతున్నవారికి అది విలువైనదే. కూలి గురించి మీరన్నది న్యాయమైన మాట. కాబట్టి ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ ఒకే రోజున పెట్టమని అడగండి. తేలిక పని కోసం వైద్యుడి చేత వేరే చీటీ రాయించుకోండి, అందులో సైకాలజిస్టు ప్రస్తావన అక్కర్లేదు. అయితే కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలపై పట్టు తప్పినా ఏ థెరపీ కోసమూ ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ లేదని కూడా నిర్ధారించుకోవాలి.