వెబ్‌ఆర్‌టీసీని పూర్తిగా ఆపేయాలా, ఐపీ పాలసీ బిగిస్తే సరిపోతుందా?

తాళంకప్ప:

మన నెట్ చిరునామా (ఐపీ)ని దాచే వీపీఎన్ ఆన్‌లో ఉన్నా అసలు ఐపీ బయటపడుతోందని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. బ్రౌజర్‌లోనే నేరుగా ఆడియో, వీడియో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ అనే ఏర్పాటుని మొత్తానికే ఆపేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ అని కొట్టి, హెచ్చరిక దాటి, మీడియా.పీర్‌కనెక్షన్.ఎనేబుల్డ్ అని వెతికి, ట్రూ అని ఉన్నదాన్ని ఫాల్స్ చేయండి. ఈ లొసుగు 2015 నుంచి అందరికీ తెలిసిందే. పేజీలో కాస్త జావాస్క్రిప్ట్ ఉంటే చాలు, కెమెరా అనుమతి కూడా అడక్కుండా మన చిరునామా బయటికి ఎలా కనిపిస్తోందో చెప్పే స్టన్ సర్వర్‌కి ఒక యూడీపీ (చేరిందో లేదో చూడకుండా పంపే రకం) ప్యాకెట్ పంపి, తిరిగొచ్చిన జవాబులో మీ పబ్లిక్ ఐపీ చదివేస్తుంది. టోర్ బ్రౌజర్‌లో వెబ్‌ఆర్‌టీసీ పనిచేయదు. ఐపీ దాచడమే పనిగా పెట్టుకున్నవాళ్లు వద్దనుకున్నదాన్ని మనం ఎందుకు ఉంచుకోవాలి? పాలసీలు, మినహాయింపులు అంటూ పోతే ఎక్కడో ఒకచోట మర్చిపోతాం.

దారిదీపం:

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది, తాళంకప్ప గారూ. బ్రౌజర్‌లో జరిగే వీడియో కాల్స్, స్క్రీన్ షేరింగ్, కొన్ని ఫైల్ బదిలీ సైట్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆపేస్తే ‘మీ బ్రౌజర్ పనికిరాదు’ అని సందేశం వస్తుంది. మనిషి విసుగెత్తి సెట్టింగ్‌ని మళ్లీ ట్రూ చేసి, తర్వాత ఆ సంగతే మర్చిపోతాడు. పైగా క్రోమ్‌లో వెబ్‌ఆర్‌టీసీని ఆపే మీట బయటికి ఇవ్వనే లేదు. మీ సలహా ఫైర్‌ఫాక్స్ దగ్గరే ఆగిపోతుంది.

లీక్ ఎందుకొస్తుందో ముందు విడదీసి చూడాలి. వీపీఎన్ పేరుతో దొరికే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో చాలావరకు నిజానికి ప్రాక్సీలు, అంటే ఆ ఒక్క బ్రౌజర్ ట్రాఫిక్‌ని వేరే సర్వర్ మీదుగా పంపేవి. హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ టీసీపీని (పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే రకం) మోస్తుంది, యూడీపీని మోయదు. వెబ్‌ఆర్‌టీసీ పంపే స్టన్ అభ్యర్థన యూడీపీ, సాధారణంగా 3478 పోర్టుకి. అది ప్రాక్సీని పక్కనపెట్టి నేరుగా మీ నెట్ కనెక్షన్ మీద వెళ్తుంది, అసలు ఐపీతో తిరిగొస్తుంది. ఎక్స్‌టెన్షన్ వాడేవాళ్లకి ప్రధాన లీక్ ఇదే.

కంప్యూటర్ మొత్తానికీ వేసిన వీపీఎన్ అయితే కథ వేరు. అక్కడ యూడీపీ కూడా టన్నెల్‌లోనే (వీపీఎన్ సర్వర్ దాకా ఉండే దారిలోనే) వెళ్తుంది కాబట్టి స్టన్ చూపించేది వీపీఎన్ సర్వర్ ఐపీనే. చిక్కు ఎక్కడంటే, ఏదైనా సైట్‌కి కెమెరా లేదా మైక్ అనుమతి ఇచ్చినప్పుడు. ఆ అనుమతి ఉంటే క్రోమ్ డిఫాల్ట్ దారి ఒక్కటే చూసి ఊరుకోదు, ఉన్న నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లన్నిటినీ (వైఫై, వీపీఎన్ లాంటి దారులని) లెక్కేస్తుంది. వైఫై ఇంటర్‌ఫేస్ మీదుగా కూడా ప్యాకెట్ పంపి చూస్తుంది. వీపీఎన్ యాప్ దాన్ని ఫైర్‌వాల్‌తో అడ్డుకోకపోతే అసలు ఐపీ దొరికిపోతుంది.

అందుకే రెండు పరిస్థితులకి రెండు మందులు, బ్రౌజర్ ఐపీ పాలసీలో రెండు ఎంపికలు. ప్రాక్సీ ఎక్స్‌టెన్షన్ అయితే ‘డిజేబుల్ నాన్ ప్రాక్సీడ్ యూడీపీ’, అంటే ప్రాక్సీ మీదుగా వెళ్లని యూడీపీని ఆపేది. పూర్తి వీపీఎన్ అయితే ‘డిఫాల్ట్ పబ్లిక్ ఇంటర్‌ఫేస్ ఓన్లీ’, అంటే డిఫాల్ట్ దారి ఒక్కటే వాడేది. బ్రేవ్‌లో ఈ రెండూ సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, వెబ్‌ఆర్‌టీసీ ఐపీ హ్యాండ్లింగ్ పాలసీ అనే జాబితాలో ఉంటాయి. క్రోమ్‌లో గూగుల్ వాళ్ల వెబ్‌ఆర్‌టీసీ నెట్‌వర్క్ లిమిటర్ లాంటి ఎక్స్‌టెన్షన్ ద్వారా పెట్టాలి.

తాళంకప్ప:

రెండిట్లో కఠినమైంది, ఆ ప్రాక్సీ లేని యూడీపీని ఆపేది, అందరూ పెట్టుకుంటే పోతుంది కదా. ఎవరిది ప్రాక్సీ, ఎవరిది అసలు వీపీఎన్ అని మామూలు మనిషికి తేల్చిచెప్పేదెవరు?

దారిదీపం:

తేల్చుకోవడం కష్టం కాదు. ఆన్ చేశాక వేరే బ్రౌజర్ తెరిచి ఐపీ చూడండి. అక్కడ మారకపోతే అది ఆ ఒక్క బ్రౌజర్‌కే పరిమితమైన ప్రాక్సీ అనుకోవచ్చు.

అందరికీ కఠినమైందే పెడితే నష్టం ఉంది. ప్రాక్సీ లేని చోట అది పెడితే బ్రౌజర్ వెబ్‌ఆర్‌టీసీ కోసం యూడీపీని అసలే వాడదు. కాల్ మధ్యలో ఉండి డేటా చేరవేసే టర్న్ సర్వర్ ద్వారా టీసీపీ మీదికి మళ్లుతుంది. టీసీపీలో ఒక ప్యాకెట్ పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగుతాయి. మాట తెగిపోవడం, బొమ్మ బిగుసుకుపోవడం అందుకే. ఆ సైట్ టీసీపీ మీద టర్న్ ఇవ్వకపోతే కాల్ కలవనే కలవదు. పూర్తి వీపీఎన్ ఉన్నవాళ్లు ఏ లాభమూ లేకుండా ఈ బాధ పడాలి.

మూడోగడి:

మీరిద్దరూ వెబ్‌ఆర్‌టీసీ చుట్టూనే తిరుగుతున్నారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద కన్నం ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 పక్కనే నడిచే కొత్త రకం ఐపీ చిరునామా. ఐపీవీ4ని మాత్రమే టన్నెల్‌లోకి తీసుకుని ఐపీవీ6ని ముట్టుకోని వీపీఎన్‌లు ఉన్నాయి. నెట్ కంపెనీ ఐపీవీ6 ఇస్తుంటే, ఆ చిరునామా ఉన్న సైట్ తెరిచినప్పుడు బ్రౌజర్ అటే వెళ్తుంది. జావాస్క్రిప్ట్ అక్కర్లేదు, స్టన్ అక్కర్లేదు. మామూలుగా పేజీ తెరిస్తేనే అసలు చిరునామా సర్వర్ లాగ్‌లో పడుతుంది. తాళంకప్ప గారి ఫాల్స్ సెట్టింగ్ దీన్ని ఆపలేదు.

ఫైర్‌ఫాక్స్‌లో నెట్‌వర్క్.డీఎన్ఎస్.డిజేబుల్ఐపీవీ6ని ట్రూ చేయమని చాలామంది రాస్తారు. అది బ్రౌజర్ ఐపీవీ6 చిరునామాలు వెతకడాన్ని ఆపుతుంది, అంతవరకే. ఇంటర్‌ఫేస్ మీద ఐపీవీ6 అలాగే ఉంటుంది, మిగతా ప్రోగ్రామ్‌లు వాడుతూనే ఉంటాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ మాత్రం మీట కూడా లేదు. ఐపీవీ6ని టన్నెల్‌లోకి తీసుకునే లేదా పూర్తిగా అడ్డుకునే వీపీఎన్ కావాలి. లేదంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే, విండోస్‌లో అయితే నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో, ఐపీవీ6 టిక్కు తీసేయాలి. వీపీఎన్ మధ్యలో తెగిపోయినప్పుడు ఇంతే. వీపీఎన్ తెగగానే నెట్‌ని ఆపే కిల్ స్విచ్ చేసే పనిని బ్రౌజర్ సెట్టింగ్ చేయలేదు.

తాళంకప్ప:

ఐపీవీ6 సంగతి ఒప్పుకుంటున్నాను, నా మొదటి పోస్టులో అది లేకపోవడం తప్పే. అయినా కాల్స్ అసలు చేయని బ్రౌజర్ ప్రొఫైల్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఎందుకు తెరిచి ఉండాలి? కాల్స్‌కి ఒక ప్రొఫైల్, చదువుకోవడానికి ఒక ప్రొఫైల్ పెట్టుకుంటే రెండో దాంట్లో ఫాల్స్ చేయడం వల్ల పోయేదేమీ లేదు. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్‌లో యూజర్.జేఎస్ అనే ఫైల్‌లో ఆ లైన్ రాసిపెడితే, పొరపాటున మార్చినా తర్వాతి సారి తెరిచేసరికి మళ్లీ ఫాల్స్ అవుతుంది.

దారిదీపం:

వేరు ప్రొఫైల్ అయితే నాకూ అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. వెబ్‌ఆర్‌టీసీ లేని బ్రౌజర్ అన్న విషయం సైట్‌కి తెలుస్తుంది. ఐపీ దాగుతుంది కానీ మందలో విడిగా కనబడతారు. ఒకే ప్రొఫైల్‌తో నెట్టుకొచ్చేవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో ఎనేబుల్డ్‌ని ట్రూగానే ఉంచి, మీడియా.పీర్‌కనెక్షన్.ఐస్ కింద ఉన్న డిఫాల్ట్_అడ్రస్_ఓన్లీ, ప్రాక్సీ_ఓన్లీ_ఇఫ్_బిహైండ్_ప్రాక్సీ రెండూ ట్రూ చేసుకోండి. నో_హోస్ట్ అనేదాన్ని మాత్రం ముట్టుకోకండి, దానితో కాల్స్ తరచూ చెడతాయి.

మూడోగడి:

లీక్ పరీక్షలో అందరూ పప్పులో కాలేసే చోట్లు కూడా రాస్తాను. ముందు వీపీఎన్ ఆపి, మీ అసలు ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కాగితం మీద రాసుకోండి. తర్వాత వీపీఎన్ ఆన్ చేసి, బ్రౌజర్‌ని పూర్తిగా మూసి తెరిచి, లీక్ పరీక్ష పేజీ చూడండి. 192.168.తోనో 10.తోనో మొదలయ్యే నంబరు కనిపిస్తే కంగారొద్దు. అది ఇంట్లో రూటరో వీపీఎన్నో ఇచ్చిన లోపలి చిరునామా, దానితో మీరెక్కడున్నారో తెలియదు. 2019 నుంచి క్రోమ్ దాన్ని కూడా దాచి, చివర .లోకల్ అని ఉండే గజిబిజి పేరు చూపిస్తోంది. కాగితం మీది నంబరు కనిపిస్తేనే లీక్.

ఆ తర్వాత అదే పేజీకి మైక్ అనుమతి ఇచ్చి మళ్లీ చూడండి. ఈ మెట్టు దాటేసి ‘లీక్ లేదు’ అని ప్రకటించేవాళ్లే ఎక్కువ, దారిదీపం గారు చెప్పిన ఇంటర్‌ఫేస్ లీక్ బయటపడేది ఇక్కడే. ఇన్‌కాగ్నిటోలోనూ విడిగా చూడాలి, ఎందుకంటే అక్కడ ఎక్స్‌టెన్షన్లు మీరు ప్రత్యేకంగా అనుమతిస్తేనే నడుస్తాయి. పాలసీ పెట్టిన ఎక్స్‌టెన్షన్ అక్కడ లేకపోతే రక్షణా లేదు. బ్రౌజర్ ఏ చిరునామాలు బయటపెట్టిందో కాల్ నడుస్తుండగా క్రోమ్‌లో క్రోమ్://వెబ్‌ఆర్‌టీసీ-ఇంటర్నల్స్, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:వెబ్‌ఆర్‌టీసీ పేజీల్లో కనిపిస్తాయి.

తాళంకప్ప:

ఫోన్ సంగతేంటి? ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లే లేవు, మామూలు ఫైర్‌ఫాక్స్ యాప్‌లో అబౌట్:కాన్ఫిగ్ తెరుచుకోదు.

మూడోగడి:

అక్కడ బ్రౌజర్‌ని వదిలేసి సిస్టమ్ దగ్గరికే వెళ్లాలి. సెట్టింగ్స్‌లో వీపీఎన్ పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’, దాని కిందే ఉండే ‘బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్’ రెండూ ఆన్ చేయండి. వీపీఎన్ యాప్‌లో కొన్ని యాప్‌లని టన్నెల్ బయట నడిపే స్ప్లిట్ టన్నెలింగ్ ఉంటే, మినహాయింపుల జాబితాలో బ్రౌజర్ పేరు లేదని చూసుకోండి.